అరిగిన చోటు

“రికార్డు బాగుచేయొద్దు బాబూ! అలాగే పారేయ్. నా సవతి పీడ విరగడైపోతుంది” అంది భార్య, కౌంటరు మీద చెయ్యి చరిచి.

గ్రామఫోను మెకానిక్ బిత్తరపోయాడు. ఆమె భర్త రికార్డును గుండెకు హత్తుకుని నిలబడ్డాడు.

“సవతేమిటమ్మా?”

“ఇందులో పాడింది చూడు, ఆవిడ! నేను బడిలో పాఠం చెప్పడానికి గడప దాటడం ఆలస్యం, ఈయన ఆవిడ గొంతు విప్పిస్తారు. పైవాటావాళ్లు నన్ను చూసి ముసిముసి నవ్వులు. నేనుంటే మాత్రం పెట్టె మూత తెరవరు!”

“నువ్వుంటే విననిస్తావా?” అన్నాడు భర్త.

“చూశావా, నోరెలా లేస్తోందో!”

మెకానిక్ నవ్వాపుకుని రికార్డు అందుకున్నాడు. మెత్తటి గుడ్డతో తుడిచి, దీపం కింద ఏటవాలుగా పట్టుకున్నాడు.

“సూది తిరిగిన ప్రతిసారీ గాడి కాస్త అరుగుతుందమ్మా. ఎక్కువ తిరిగినచోట నలుపు పోయి బూడిదరంగు తేలుతుంది.”

“అయితే ఆవిడ రాగం తీసినచోటల్లా బూడిదే ఉంటుంది. చూడు, చూడు.”

అతను భూతద్దం పెట్టి చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి. మళ్లీ చూశాడు.

“లేదమ్మా. ఆవిడ పాడినదంతా కొత్తదానిలా నిగనిగలాడుతోంది. నడుమ ఈ సన్నటి పట్టీ ఒక్కటే అరిగి పాడైంది. సార్ సూదిని తిన్నగా ఇక్కడే దించి, ఇది అవగానే ఎత్తేస్తున్నట్టున్నారు.”

“అక్కడేముంది?” ఆమె గొంతు తగ్గింది.

మెకానిక్ సూది దించాడు. గరగర. ఆ గరగర వెనక ఎక్కడో, లీలగా వయొలిన్.

“రెండు చరణాల మధ్య వయొలిన్ ముక్క, అంతే. ఎవరు వాయించారోగానీ, పాపం, అట్ట మీద పేరైనా వేయలేదు.”

భర్త తలొంచుకుని గొణిగాడు. “నువ్వుంటే ఆ ముక్క రాగానే సూది ఎత్తేస్తావు కదా.”

ఆమె ఆ బూడిదరంగు పట్టీని వేలికొసతో మెల్లగా తడిమింది. కళ్లు తుడుచుకుంది.

“ఇది ఇక బాగవదా?”

“అరిగింది తిరిగిరాదమ్మా.”

“అయితే ఇదే పాట రికార్డు ఇంకొకటి ఎక్కడున్నా వెతికిపెట్టు నాయనా. ఈసారి నా ఎదుటే, ఈయన తనివితీరా అరగదీయాలి. అట్ట మీద పేరు లేదన్న ఉక్రోషంతో ఇన్నాళ్లూ నేనే విననివ్వలేదు. ఆ వయొలిన్ వాయించింది నేనే.”