గనుల ఊరి టీచరు

"ఆ దేశంలో మరమనిషి వండిపెడుతుంటే నీ ఇడ్లీ రేకులెందుకే?" అన్నాడు ఫణీంద్ర, పెట్టె మూత పడక విసుక్కుంటూ.

"అది వండింది మీరు తినండి, నాకొద్దు," అంది హైమ.

సముద్రం వీధిలోకి వచ్చేసింది. దేశం దాటక తప్పదు. హైమకి టీచరు ఉద్యోగం దొరికితేనే ముగ్గురికీ వీసా. కూతురు అమూల్యకి ఉబ్బసం. ఆ దేశంలో గాలి బాగున్న కొండ ఊళ్లో బళ్లన్నిటా మరమనుషులే పాఠాలు చెబుతున్నారు. మనుషులు కావాలని అడిగింది గనుల ఊరొక్కటే.

"గనుల ఊరి బళ్లో మరమనుషులెందుకు లేరమ్మా?" అన్నం కలుపుకుంటూ అడిగింది అమూల్య.

"ఆ దుమ్ముకి ఏడాదికే పాడైపోతున్నాయట. ఖరీదైనవి కదా," అనేసి, ఫణీంద్ర తల దించుకున్నాడు.

హైమ పిల్ల కంచంలో పెరుగు వేసింది.

"మీరిద్దరూ కొండ ఊళ్లో ఉండండి. గనుల ఊరికి నేనొక్కదాన్నే వెళతాను."