సొట్ట వ్యాగన్

“నోరు బాగా తెరవండి” అని అలవాటుగా అనేసి, పళ్ళ డాక్టరు నాలుక కరుచుకున్నాడు. కుర్చీలో ఉన్నది పేషెంటు కాదు, బొమ్మరైలు తాలూకు బొగ్గు వ్యాగన్.

మధ్యాహ్నం కావడంతో క్లినిక్ తలుపు వేసి ఉంది. ట్రేలో చవకరకం ప్లాస్టిక్ వ్యాగన్లు వరసగా ఉన్నాయి. అన్నీ బొమ్మల కొట్లో కొన్నవే, ఏళ్ళ తరబడి అచ్చు మారని సరుకు. డాక్టరు పళ్ళు అరగదీసే డ్రిల్లుతో వాటి అంచులు పల్చన చేశాడు. లావుపాటి చక్రాలు పీకి ఇనప చక్రాలు వేశాడు. బండకొక్కేలు తీసేసి సన్నటి తీగ కొక్కేలు బిగించాడు. ఇప్పుడు తలుపుల కింద తుప్పురంగు అద్దుతున్నాడు. అరచేతిలో పట్టేంత బండిని చూసినా నిజం గూడ్సుబండే గుర్తు రావాలని ఆయన పంతం.

“నాన్నా, ఒక్కదానికి నేను రంగు వేస్తాను” అంది కూతురు. ఆమె కూడా అదే క్లినిక్‌లో పళ్ళ డాక్టరు. చెయ్యి తేలికని పేషెంట్లు ఆమె కోసమే కాచుకుని కూర్చుంటారు.

“నువ్వా? చిన్నప్పుడు నీ చేతిలో పడ్డ బొమ్మ ఒక్కటైనా బతికి బట్టకట్టిందా?”

“రోజూ జనం నోట్లో చెయ్యి పెడుతున్నాను. వాళ్ళకి లేని భయం నీ వ్యాగన్లకెందుకు?”

“జనానికి పన్ను పోతే కట్టొచ్చు. వీటిని ముట్టుకోకు.”

ఆమె నవ్వింది గానీ ఆయన నవ్వలేదు. కిందటేడు బొమ్మరైళ్ళ పోటీలో తిన్న దెబ్బ ఇంకా మానలేదు. అక్కడి జడ్జీ గూడ్సు యార్డులో జీవితమంతా పనిచేసి రిటైరైన మనిషి. చేతిలో అద్దం లేకుండా ఎవరూ ఆయన్ని చూడలేదు కాబట్టి అందరూ భూతద్దం అనే పిలుస్తారు. ఆయన డాక్టరు బండిని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసి పెదవి విరిచాడు.

“కొలతలన్నీ కుదిరాయి డాక్టరుగారూ. కానీ ఇవి ఒక్కరోజైనా బరువు మోసినట్టు లేవు. సొట్టలు కూడా కట్టుడుపళ్ళలా నీటుగా ఉన్నాయి.”

హాలంతా గొల్లుమంది. ఈసారి ఆ నోటితోనే శభాష్ అనిపించుకోలేకపోతే వ్యాగన్లన్నీ చెత్తబుట్టలో పోసి, మళ్ళీ ఈ జోలికే రానని డాక్టరు ఇంట్లో చెప్పేశాడు. అన్నంత పనీ చేసే మనిషి. కూతురి బెంగంతా అదే.

“సొట్టలు ఇప్పటికీ నీటుగానే ఉన్నాయి” అందామె, ఒక వ్యాగన్ మీదికి వంగి చూస్తూ.

“తెలుసు. ఈ చెయ్యి నా మాట వినదు. ఎక్కడ గరుకు తగిలినా నున్నగా చేసేస్తుంది.”

“మరెలా?”

“చివరి వ్యాగన్ ఉందిగా.”

అది గుడ్డలో చుట్టి అలమరలో పెట్టి ఉంది. తాళం ఆయన జేబులో ఉంది.

“దానికి ఇంకా ఎంత పనుంది?”

“చక్రాలూ కొక్కెమూ మార్చాను. మిగతాదంతా ఎప్పుడో అయిపోయింది.”

“నాక్కూడా చూపించవా?”

“పోటీలో చూద్దువుగానిలే.”

ఇంటికెళ్ళి అమ్మని అడిగింది. “నాకేం తెలుసే. ఆదివారం అటకెక్కి సామానంతా కిందా మీదా చేశారు. దిగేసరికి ఒళ్ళంతా దుమ్ము, మొహమంతా వెలుగు. ఏమిటండీ అంటే చెప్పరు” అంది అమ్మ.

పోటీ రోజు భూతద్దం నెమ్మదిగా బల్ల పక్కన వంగాడు. మొదటి వ్యాగన్ చూసి ఊఁ అన్నాడు. రెండోది చూసి అది కూడా అనలేదు. డాక్టరు కళ్ళజోడు తుడుచుకున్నాడు. అద్దం ఒక్కో వ్యాగన్నూ దాటుకుంటూ చివరిదాని మీదికి వచ్చి ఆగిపోయింది.

అది ఎర్రరంగు వ్యాగన్. ఒకవైపు వెలిసి ఇటుకపొడి రంగుకు తిరిగింది. అడుగంతా గీతలు, మూలల్లో ఇసుక, పైఅంచున వరసగా సొట్టలు.

“ఎండ తగిలినవైపే రంగు పోయింది. ఇది పనిచేసిన బండి” అన్నాడు భూతద్దం.

“చాలా మోసింది సార్” అన్నాడు డాక్టరు.

“ఈ సొట్టలు చూడండి, ఒకటి లోతుగా, పక్కది పైపైన. బొగ్గు ఎత్తే బకెట్టు తగిలితే అచ్చం ఇలాగే పడతాయి. శభాష్.”

కోరుకున్న మాట వచ్చేసింది. కూతురికి కళ్ళు చెమర్చాయి. కానీ భూతద్దం మళ్ళీ మొదటి వ్యాగన్ చూశాడు, చివరిది చూశాడు.

“ఇది మీ చెయ్యి కాదు డాక్టరుగారూ. బయట చేయించుంటే మీ బండి పోటీలోంచి పోతుంది, తెలుసుగా?”

డాక్టరు తడబడలేదు. ఛాతీ విరుచుకుని, “బయట కాదు సార్. మా అమ్మాయి చేసింది” అన్నాడు.

హాలంతా కూతురి వైపు తిరిగింది. ఆమె తెల్లబోయింది. ఒక్క వ్యాగన్నయినా ముట్టుకోనిచ్చిందెక్కడ? నాన్న పంతం కోసం నలుగురిలో అబద్ధమాడుతున్నాడేమోనని భయపడింది.

“ఏమ్మా, ఇంత బాగా సొట్టలు పెట్టావు. ఏ పనిముట్టు వాడావు?” అని అడిగాడు భూతద్దం.

డాక్టరు ఆ వ్యాగన్ తీసి, జాగ్రత్తగా ఆమె అరచేతిలో పెట్టాడు. తర్వాత జడ్జీ వైపు తిరిగి, లోకంలో ఇంకెవరికీ లేని కూతురు తనకే ఉన్నట్టు నవ్వుతూ జవాబు చెప్పాడు.

“పాలపళ్ళు సార్.”