ఊరి చప్పుడు

మూడుకాళ్ల స్టాండు మీద చప్పుడు కొలిచే మీటరు బిగించి, బడి ఆవరణలో నిలబెట్టాడు ఆ మనిషి.

నెత్తిన కంపెనీ టోపీ. ఊరికి ఒళ్లు మండటానికి అదొక్కటి చాలు.

బందరు కాలవ గట్టున ఉన్న ఆ ఊరు బెజవాడకి దగ్గర. రోషానికి ఇంకా దగ్గర. బడి గోడ అవతలే రెడీమిక్స్ కాంక్రీటు ప్లాంటు వస్తుందట. రోజంతా మిక్సర్లు తిరుగుతుంటే పిల్లలకి పాఠం వినపడేదెలా? అనుమతి ఇచ్చేముందు చప్పుడు కొలుస్తారని తెలియగానే ఊరంతా ఒక్కటైంది.

వాళ్లకి నాయకురాలు బడిలో మధ్యాహ్న భోజనం వండే రాజ్యలక్ష్మి.

"మీటరు పగిలిపోవాలి. ఇప్పటికే ఇంత మోతగా ఉంది, ఇంకో మోతకి ఇక్కడ చోటు లేదని వాళ్లే రాసుకుని పోవాలి," అంది.

మైకుసెట్టు వెంకటసుబ్బారావు ఎనిమిది బాక్సులు దింపాడు. డప్పులొచ్చాయి. సైలెన్సర్లు పీకిన ట్రాక్టర్లొచ్చాయి. పిల్లల చేతికి పళ్లాలూ గరిటెలూ రాజ్యలక్ష్మే ఇచ్చింది.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆరోజు ఊరంతా నోరే.

దూరంగా కారులో ఉన్న కంపెనీ ఆఫీసరు అద్దం దించి చూశాడు. నవ్వుకుని మళ్లీ అద్దం ఎత్తేశాడు.

"బెదిరాడక్కా," అన్నాడు వెంకటసుబ్బారావు.

టోపీ మనిషి మాత్రం కారు వంక ఓసారి చూసి, వంటపాక దగ్గరికి వచ్చాడు. యాభై దాటి ఉంటాయి. మెళ్లో వేలాడే కార్డు మీద నబీ అని పేరుంది.

"అమ్మా, ఆ మైకులు ఆపించండి. ఇవాళ ఒక్కరోజు ఊరు ఎప్పట్లా ఉండాలి," అన్నాడు మెల్లగా.

"మా ఊరొచ్చి మమ్మల్నే నోరు మూసుకోమంటావా?"

"అది కాదమ్మా. ఇవాళ కొలిచేది..."

డప్పులు ఒక్కసారిగా లేచాయి. అతని పెదాలు కదిలాయి గానీ మాట వినపడలేదు. వినే ఓపిక మాత్రం ఎవరికుంది లెండి.

"కంపెనీ జీతం తినేవాడివి, నీ మాట మేం వినాలా?"

రాజ్యలక్ష్మి గంజి గిన్నె ఎత్తి అతని మీద కుమ్మరించింది. చల్లారిన గంజే. చొక్కా తడిసింది, చేతిలో కాగితాలు తడిశాయి. ఊరు ఈలలు వేసింది.

అతను కాగితాలు దులుపుకుని, వెళ్లి మీటరు పక్కనే నిలబడ్డాడు. సాయంత్రం దాకా అక్కడే ఉన్నాడు.

ఊరి రోషం అంతటితో ఆగలేదు. మీ మనిషి మా గొంతు నొక్కబోయాడు, అతన్ని మళ్లీ ఈ ఊరు పంపొద్దు అని కంపెనీకి ఉత్తరం రాశారు. రెండొందల పన్నెండు మంది సంతకాలు పెట్టారు. వారంలో జవాబొచ్చింది: తగిన చర్య తీసుకున్నాం, మీ సహకారానికి ధన్యవాదాలు.

"చూశారా, కంపెనీ చేత దండం పెట్టించాం," అంది రాజ్యలక్ష్మి.

రెండు నెలలకి అదే బడి ఆవరణలో షామియానా వేసి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. ప్రభుత్వ అధికారి రిపోర్టు చదివారు.

"ఊళ్లో పగటిపూట చప్పుడు ఎనభై రెండు డెసిబెల్స్. ప్లాంటు వల్ల పెరిగేది అర డెసిబెల్ లోపే. కనుక ప్లాంటుతో కొత్తగా వచ్చే ఇబ్బంది లేదు."

"ఇబ్బంది లేకపోవడమేంటండీ? ఎనభై రెండంటే ఎక్కువే కదా?" అంది రాజ్యలక్ష్మి.

"ఎక్కువేనమ్మా. కానీ అది మీ ఊరి చప్పుడు. ప్లాంటు రాకముందు ఊరెలా ఉందో కొలిచి, దాని మీద ప్లాంటు ఎంత పెంచుతుందో చూస్తారు. ఊరు ఎంత నిశ్శబ్దంగా ఉంటే ప్లాంటుకి అంత కష్టం."



చేసిందేంటో రాజ్యలక్ష్మికి అర్థమైంది. అయినా తగ్గే మనిషి కాదు. వెళ్లి మైకు అందుకుంది.

"ఆ మోత మేం చేసిందండీ. డప్పులు మావి, మైకులు మావి. తప్పు మాదే. మాకు తెలీక చేశాం. మామూలు రోజు ఇక్కడ కాలవలో నీళ్ల చప్పుడు కూడా వినపడుద్ది. మళ్లీ కొలవండి. కొలిచేదాకా ఇక్కణ్ణించి లేవం."

ఊరంతా ఆమె వెనక నిలబడింది.

అధికారి ఫైలు తిరగేసి ఒక కాగితం దగ్గర ఆగారు.

"కొలిచినాయన కూడా అదే రాశాడమ్మా. 'ఇది ఊరి సహజమైన చప్పుడు కాదు. డప్పులు, మైకులు పెట్టారు. ఈ కొలత చెల్లదు. మామూలు రోజున మళ్లీ కొలవాలి. నబీ.'"

కాగితం నిండా ఎండిన గంజి మరక. తడిసిన తర్వాత రాసినట్టుంది, అక్షరాలు మరక మీదుగా నడిచాయి.

"మరింకేంటండీ? ఆయన రాశాడుగా, కొలవండి."

"ఈ మాట చెల్లదంటోంది కంపెనీ."

"ఎందుకు చెల్లదు?"

అధికారి ఫైలు ఆమె వైపు తిప్పారు. గ్రామస్థులతో దురుసుగా ప్రవర్తించినందుకు ఈ ఉద్యోగిని తొలగించాం, ఇతని రాతను పరిగణించవద్దు అని ఉంది.

దాని వెనక సాక్ష్యంగా గుచ్చిన కాగితం మీద రెండొందల పన్నెండు సంతకాలున్నాయి, అన్నిటికంటే పైన ఉన్నది రాజ్యలక్ష్మిదే.