మూడో ఫోటో

"రగ్గేంది, పొగలెక్క కనవడ్తుంది? మా లీడర్ చెయ్యి గూడ రెండైంది!" నిస్సీ ఫ్లెక్సీ షాపులో కంప్యూటర్ తెర చూస్తూ, లీడర్ వెంట తిరిగే సుభాష్ విసుక్కున్నాడు. పొద్దుగూకేలోపు నారాయణఖేడ్ చౌరస్తాలో లీడర్ రగ్గుల పంపిణీ ఫ్లెక్సీ లేవాలి.

కిటికీ వెలుగూ మొహాలూ రెండూ బాగా పడాలని నిస్సీ తమ్ముడు ఒకదానివెంట ఒకటి మూడు ఫోటోలు తీశాడు. వాటిని హెచ్‌డీఆర్‌లో ఒకే ఫోటోగా ఎన్నిసార్లు కలిపినా రగ్గు పొగలాగే వస్తోంది. సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకుంటూ నిస్సీ మూడింటినీ విడివిడిగా తెరిచింది.

మొదటిదాంట్లో రగ్గు బస్టాండు దగ్గర పల్లీలమ్మే రామవ్వ చేతుల్లో ఉంది. రెండోదాంట్లో లీడర్ లాగుతున్నాడు. మూడోదాంట్లో అది సుభాష్ చంకలో ఉంది.

"గుంజుకున్నరా అన్నా?"

"తెచ్చిందే ఒక్క రగ్గు. ఎనక ఫోటోకు ఇంకా ముసలోళ్లున్నరు గద! క్లిక్కుమనంగనే ఫోటో అయిపోయిందనుకున్నం."

నిస్సీ మొదటి ఫోటోలో రామవ్వ మొహాన్ని పెద్దది చేసి చూసింది.

"కదిలింది తీసేసే బటన్ ఉంటదట గద, కొట్టు జల్దీ."

ఉంది. కదిలినచోట ఏ ఫోటోను నమ్మాలో అడుగుతుంది. ఆమె మూడోదాన్ని నొక్కింది.

"ఇప్పుడు సాఫ్‌గ వచ్చింది, చూడన్నా."

లీడర్ నవ్వుతున్నాడు. పక్కన సుభాష్ చంకలో రగ్గు. ఎదురుగా రామవ్వ, చాచిన చేతులు చాచినట్టే.