రాయి నాకిన ముసలాయన

పెద్ద వరద వచ్చి పోయిన మరుసటి ఏడాది సంగతి.

నూనె బావుల కంపెనీకి ఊరి చివర ఒక రేకుల గోదాం ఉండేది. బావి తవ్వేటప్పుడు లోపలినుంచి తీసిన రాళ్లు రోకళ్లలా గుండ్రంగా, పొడుగ్గా ఉండేవి. వాటిని పెట్టెల్లో పెట్టి అక్కడ దాచేవాళ్లు. ఏ రాయి పైది, ఏది దాని కిందిది అని వరసగా చూస్తేనే నూనె జాడ తెలుస్తుంది. వరస తప్పితే అవి ఉత్త రాళ్లు.

గోదాం కాపలాదారును వీధిలో అందరూ రాళ్లదొర అనేవాళ్లు.

ఎగతాళికే అన్నారు. అతను మాత్రం నిజమనుకున్నాడు.

వరద గోదాంలో ఛాతీ ఎత్తున నిలిచింది. దొంతరలు కూలాయి. పెట్టెల మీది కాగితాలన్నీ ఊడి కొట్టుకుపోయాయి. నీళ్లు తీశాక రాళ్లదొర పెట్టెల్ని చేతికందినట్టు పేర్చి, చేతులు దులుపుకున్నాడు.

ఆఫీసు వాళ్లు గడువు పెట్టారు. నెలాఖరులోగా కనీసం ఏడో బావి అరవై పెట్టెలైనా వరసకు రావాలి. లేకపోతే రాళ్లు గోతిలో పోసి గోదాం మూసేస్తారు. గోదాంతో పాటే దొరగారి కొలువూ పోతుంది.

రాళ్లు తెలిసిన మనిషిని పంపండి మహాప్రభో అని అతను ఇరవై ఉత్తరాలు రాశాడు.

ఇస్త్రీ చొక్కాల కుర్ర ఆఫీసర్లు ముగ్గురు వచ్చారు. ముక్కు మూసుకుని చూశారు. ఫొటోలు దిగి వెళ్లిపోయారు.

ఆ తర్వాత ఒక రోజు పొద్దున ఒక ముసలాయన వచ్చాడు. నలిగిన చొక్కా, అరిగిన చెప్పులు, మణికట్టుకు ఆస్పత్రి వాళ్లు కట్టే కాగితం పట్టీ. చేతిలో ఆఫీసు చీటీ. ‘ఈయన్ని రాళ్లు చూడనివ్వండి’ అని ఒక్క ముక్క ఉంది.

“ఏ ఆస్పత్రి నుంచి పారిపోయొచ్చావు పెద్దాయనా?”

“ఏడో బావి పెట్టెలు ఎక్కడున్నాయండీ?”

“ఆ మూల, ఎర్ర రంగు పెట్టెలు. పడేసుకోకు. కాలి మీద పడితే నేను మోయలేను.”

ముసలాయన కింద కూర్చున్నాడు. ఒక రాయి తీశాడు. నాలుక చాపి నాకాడు. తడిసిన చోట భూతద్దం పెట్టి చూశాడు. తర్వాత చిన్న పెచ్చు గిల్లి నోట్లో వేసుకుని నమిలాడు.

రాళ్లదొర పొట్ట పట్టుకుని నవ్వాడు.

“పొద్దున ఇంట్లో ఏం పెట్టలేదా? ఉప్పు సరిపోయిందా మరి?”

“బంకమన్నండీ ఇది. ఇసుక ఉంటే పళ్ల కింద గరగరలాడుతుంది.”

“గరగరలాడ్డానికి నీకు పళ్లేవి?”

ముసలాయన ఇంకో రాయి నాకాడు.

మధ్యాహ్నం దాకా ఆ వేడుక చూసి రాళ్లదొర భోజనానికి వెళ్లాడు. తిన్నాడు. ఇంత కునుకు తీశాడు. పక్కింటి వాళ్లను పిలిచి, నాలుక చాపి ముసలాయనలా చేసి చూపించాడు కూడా. నాలుగు గంటలకు తిరిగొచ్చాడు.

పెట్టెల నిండా సుద్దగీతలు. చీపురుపుల్లలు పరిచినట్టు నాలుగు నిలువుగా, ఒకటి అడ్డంగా. ఒక పెట్టెకు కొన్ని, ఇంకోదానికి ఇంకొన్ని.

“ఓయ్! ఇదేమన్నా నీ ఇంటి గోడా? పెట్టెల మీద రాయకూడదని బోర్డు ఉంది, కళ్లు కనిపించలా?”

“ఇంకో నాలుగు పెట్టెలే ఉన్నాయి బాబూ.”

“రేపొచ్చి నాక్కో.”

“రేపు కుదరదండీ.”

“ఏం, రేపు కొండ నాకాలా?”

ముసలాయన గోడ పట్టుకుని లేచాడు. ఆయాసపడుతున్నాడు.

“ఆ గీతలు మాత్రం ఉంచండి.”

“ఉంచుతా. పటం కట్టించి మరీ ఉంచుతా. ముందు నువ్వు కదులు.”

మెడ మీద చెయ్యి వేసి గుమ్మం దాటించాడు. తలుపు వేశాడు. తడిగుడ్డ తీసుకుని యాభై ఆరు పెట్టెలూ శుభ్రంగా తుడిచాడు. బద్ధకస్తుడే గానీ, ఆ ఒక్క పని మాత్రం ఒళ్లు వంచి చేశాడు. బకెట్లో నీళ్లు పాలలా తెల్లబడ్డాయి.

ఇంకా చేతులు ఆరలేదు. ఫోను మోగింది. ఆఫీసులో రాళ్ల విభాగం మేడం.

“ఆయన గీతలు గీశారా?”

“గీతలా మేడం?”

“ఆయన అంకెలు వేయరు. పది భాషల వాళ్లు కలిసి తవ్వే బావుల మీద నలభై ఏళ్లు పనిచేశారు కదా, ఎవరికైనా అర్థం కావాలని గీతలే గీస్తారు. పెట్టె మీద ఎన్ని గీతలుంటే వరసలో దాని చోటు అన్నోది. రేపు వచ్చి రాసుకుంటాను. ఉన్నాయిగా?”

రాళ్లదొర బకెట్ వైపు చూశాడు.

“ఉన్నాయండి” అన్నాడు.

“హమ్మయ్య. మీ గోదాం నిలిచినట్టే. మీ ఉత్తరాలు చదివి, ఆస్పత్రి వాళ్లను ఒక్క రోజు సెలవడిగి వచ్చారు ఆయన. తిరిగి వెళ్లి ఆస్పత్రి మెట్ల మీదే పోయారట, ఇప్పుడే తెలిసింది.”



“ఎవరండీ ఆయన?” అన్నాడు రాళ్లదొర.

మేడం చెప్పింది.

మర్నాడు తెల్లవారగానే రాళ్లదొర గోదాం తెరిచి, కొత్త సుద్దముక్క ఒకటి చేత్తో పట్టుకుని, చేతికందిన రాయి తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. ఏడో బావి తవ్వించి, ఒక్కో రాయీ నాకి చూసి ఆ అరవై పెట్టెల్లో మొదటిసారి సర్దింది ఆ ముసలాయనేనట; ఆయనకు తెలిసిన రుచి అతనికి మట్టిలాగే తగిలింది.