మూడు వందలకు అవతల

"బడికి తాళం వేసి పిల్లల్ని తీసుకుని బయలుదేరు. ఇవాళే."

"నాన్నా, నేను హెడ్మిస్ట్రెస్‌ని. హాస్టల్లో నూటపది మంది ఉన్నారు. నీకు భయమేసిందని బడి మూసేస్తానా?"

ఫోన్ స్పీకర్లో ఉంది. ఆయన సోఫా అంచున కూర్చుని, చేతులు రెండూ మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు. క్షిపణుల కర్మాగారంలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. పరీక్షకు వదిలిన ప్రతి క్షిపణి ఎంత దూరం వెళ్ళిందో కొలిచి రాయడం ఆయన ఉద్యోగం. పాయింటు తర్వాత అంకెను కూడా వదలడని అక్కడ అందరూ 'దశాంశం' అనేవాళ్ళు. వెళ్ళే రోజున 'మచ్చలేని సేవకు' అని చెక్కించి ఇచ్చిన గడియారం ఎదురుగా గోడ మీదే ఉంది.

యుద్ధం మొదలై నాలుగు రోజులైంది. సరిహద్దు నుంచి కూతురి ఊరు మూడు వందల నలభై కిలోమీటర్లు.

"సర్క్యులర్ వచ్చింది నాన్నా. మూడు వందల లోపు ఊళ్ళకే సెలవులు. వాళ్ళ క్షిపణి అంతకు మించి రాదట."

"ఎవరో కాగితం మీద రాస్తే నమ్మేయడమేనా?"

"నమ్మమని నేర్పింది ఎవరు మరి? వెయ్యి లోపు స్వల్పశ్రేణి, మూడు వేల దాకా మధ్యశ్రేణి, అయిదున్నర వేల దాకా దాని అన్న, ఆపైన ఖండాంతరం అని ఎక్కాల్లా వల్లె వేయించావు కదా! వాళ్ళ దగ్గరున్నది అన్నిట్లోకీ పొట్టిది."

ఫోన్లో ఆమె పక్క నుంచి అల్లుడు అందుకున్నాడు. "పైగా అది కొనుక్కున్న సరుకు మావయ్యగారూ. మూడు వందలు దాటేదాన్ని ఎవరూ ఎవరికీ అమ్మకూడదని దేశాల మధ్య ఒప్పందం ఉంది. అమ్మారంటే మూడు వందల లోపుదేనన్నమాట. లెక్క కుదిరిందా?"

"బాబూ, దాని ఇంజన్ మండేది ఒకటిన్నర నిమిషమే. ఆ తర్వాత అది విసిరిన రాయి. పైకి వెళ్ళి, వంపు తిరిగి పడడమే. రాయి తేలికైతే అదే చెయ్యి ఇంకా దూరం విసరదూ? మోసే బాంబు బరువు తగ్గిస్తే అది మూడు వందల అరవై రెండు పాయింట్ నాలుగు వెళ్తుంది."

కూతురు పకపకా నవ్వింది. "పాయింట్ నాలుగు కూడానా! ఎంతైనా దశాంశానివి. లెక్కల్లో నాకు ఎనభై తొమ్మిదిన్నర వస్తే ప్రోగ్రెస్ కార్డు మీద తొంభై అని దిద్దుకున్నాను, గుర్తుందా? అది కొట్టేసి, పక్కన నీ కొడవలి పెట్టి, నాలుగు రోజులు మాట్లాడలేదు నాతో."

కొడవలి అంటే ఆయన పొట్టి సంతకం. ఒంపు తిరిగిన గీత, దాని కింద చిన్న పిడి. ఆ ఇంట్లో అదొక పాత వేళాకోళం.

"ఆటలొద్దమ్మా. నా మాట విను."

"సరే, వింటాను. ఒక్కటి చెప్పు, ఇప్పుడే బస్సులు పిలిపిస్తాను. పాయింట్ నాలుగు దాకా నీకెలా తెలుసు?"

ఆయన నోరు తెరిచాడు. వంటింటి గుమ్మంలో భార్య తడి గిన్నె పట్టుకుని నిలబడి ఉంది.

"చెప్పండీ, అడుగుతోంది కదా."

ఆయన చూపు గడియారం మీద పడింది.

"ఊరికే... అలా అనిపించింది."

"దశాంశానికి అనిపించడం కూడా మొదలైందా! అమ్మా, ఆ టీవీ కట్టేసి ఆయన్ని కాస్త పడుకోబెట్టు. రేపు పిల్లలకి లెక్కల పరీక్ష, ఉంటాను."

ఆ సాయంత్రం ఆయన మూడుసార్లు ఫోన్ తీశాడు. మూడుసార్లూ పెట్టేశాడు.

మర్నాడు పదకొండు గంటలకు టీవీలో ఆ ఊరి పేరు వచ్చింది. అల్లుడు పనిమీద పొరుగూరు వెళ్ళి బతికాడు. బడి ఉన్న చోట గొయ్యి మిగిలింది.

పన్నెండో రోజున కర్మాగారం నుంచి కుర్ర అధికారి ఒకడు వచ్చాడు. కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు.

"ఇలాంటప్పుడు రాకూడదు సార్. కానీ పైనుంచి ఒకటే ఒత్తిడి. మూడు వందల సరుకు మూడు వందల నలభైకి ఎలా వచ్చిందని."

భార్యే అంది, "అమ్మినవాడిని అడగండి బాబూ. ఆ అంకె వేసినవాడి చెయ్యి పడిపోనూ!"

కుర్రాడు తల దించుకున్నాడు. "శకలం మీద నంబర్ దొరికిందమ్మా. అమ్మింది మనమే. వాళ్ళతో స్నేహంగా ఉన్న రోజుల్లో."

సంచీలోంచి పచ్చబడ్డ కాగితం తీశాడు. "ఇది అప్పటి పరీక్ష కాగితం సార్. తేలిక బరువుతో 362.4 వెళ్ళిందని ముందు సరిగ్గానే రాశారు. తర్వాత ఎవరో అది కొట్టేసి 300 చేశారు. పక్కన ఏదో గిలికారు. పాతవాళ్ళ చేతిరాతలన్నీ మీకు తెలుసు కదా, పోలుస్తారేమోనని..."

ఆయన చెయ్యి చాపలేదు. భార్య అందుకుంది. కళ్ళజోడు పెట్టుకుని, కాగితాన్ని కిటికీ వెలుగుకి తిప్పింది.

కొట్టేసిన అంకె పక్కన చిన్న కొడవలి ఉంది.