శుక్రవారం దాకా

జమ్మికుంటలో బాలవ్వ ఇంటికి తార్, అంటే టెలిగ్రాం, వచ్చింది. తెచ్చినతను గుమ్మంలో ఇచ్చేసి సైకిలెక్కి పోయాడు.

బాలవ్వ కొడుకు రాయమల్లు మిలిట్రీలో ఉన్నాడు. పాకిస్తాన్‌తో యుద్ధం ఆగి నెల కూడా కాలేదు.

తార్ అంటే చావు కబురే అని ఆ వాడలో అందరి నమ్మకం. చదవడానికి ఇంగ్లీషు కావాలి గానీ, ఏడవడానికి అక్కర్లేదు. అందరూ శోకాలు మొదలుపెట్టారు.

ఇంగ్లీషు తెలిసిన తోమాసు సారు కరీంనగర్ పోయాడు. పత్తి మార్కెట్ గుమాస్తా ముత్యానికి వచ్చినవి ఉర్దూ, తెలుగే.

"శవమైతే రాదు. ఇయ్యాలనే గాజులు తియ్యాలె," అంది రాయమల్లు మేనత్త పోశవ్వ.

కోడలు శంకరవ్వను అరుగుమీద కూర్చోబెట్టారు. పోశవ్వ రాయి ఎత్తింది.

ఒక చెయ్యి అడ్డమొచ్చింది. మార్కెట్లో గోనెసంచులు కుట్టే లింగయ్యది.

"జర ఆగుండ్రి. గా కాయిదం ఇటియ్యిండ్రి."

"సంచులు కుట్టెటోనికి ఇంగ్లీషు వస్తదా?" అంది పోశవ్వ.

లింగయ్య చదివాడు.

"సెలవు దొరికిందట. శుక్రవారం వస్తుండట. గంతే ఉన్నది."

"మనల ఓదార్చెతందుకు చెప్తుండు," అన్నారెవరో.

లింగయ్య పోశవ్వ కాళ్లు పట్టుకున్నాడు.

"శుక్రవారం దాకా ఆగు అక్కా. నీ కాల్మొక్త."

మూడు రోజులు ఆయన పనికి పోలేదు. శంకరవ్వ గాజుల జోలికి ఎవరూ రాకుండా ఆ అరుగుమీదే కూర్చున్నాడు.

శుక్రవారం పగటి బండికి రాయమల్లు దిగాడు.

బాలవ్వ కొడుకును తడిమి తడిమి చూసుకుంది. శంకరవ్వ నవ్వుతూ ఏడ్చింది. పోశవ్వ సిగ్గుపడి పాయసం వండింది. వాడంతటికీ ప్రాణం తెరిపిన పడింది.

లింగయ్య ఎప్పుడు లేచిపోయాడో ఎవరూ చూడలేదు.

సాయంత్రం రాయమల్లు, అప్పుడే ఊళ్లోకి వచ్చిన తోమాసు సారు ఆయన్ను వెతుక్కుంటూ మార్కెట్‌కు పోయారు.

"నువ్వు దిగిన బండే ఎక్కిండు," అన్నాడు ముత్యం. "ఇరవై ఏండ్ల సంది పోని ఊరికి పోతున్న అన్నడు. ఆయన మొకంల గంత నిమ్మళం ఎన్నడు చూడలే."

"ఊర్ల ఎవలున్నరు?" అడిగాడు రాయమల్లు.

"ఎవల్లేరు. బర్మా లడాయికి పోయొచ్చిండట. పెండ్లాం ఏదో తార్ చూసి బాయిల పడ్డదట. ఏం తార్ అంటే చెప్పకపోతుండె."

"పూర పేరేంది?" అన్నాడు తోమాసు సారు.

ముత్యం హాజరు పుస్తకం తిప్పాడు.

"బండారి రాజలింగం."

తోమాసు సారు పుస్తకం తనవైపు తిప్పుకుని ఆ పేరు మళ్లీ చదివాడు.

"ఎరుకేనా సారూ?"

"పేరే ఎరుక. పట్నంల నేను చదివిన కాలేజీ గోడకు ఒక రాయి ఉంటది. బర్మా లడాయిల చచ్చిపోయిన మా కాలేజీ పిల్లల పేర్లు చెక్కిండ్రు. ఏటేటా పూలు పెడుతుంటిమి. అందుల మూడో పేరు గిదే."